రుమాలు కట్టిన పొద

ఎల్డన్ రెండో మరుగుదొడ్డి కడిగేసి, తలుపు పక్కన మేకుకు తగిలించిన కాఫీ డబ్బాలోంచి నిన్నటి రెమ్మలు తీసి పారేశాడు. కొత్తగా తుంచుకొచ్చిన, ఘాటు వాసన వేసే సేజ్ పొద రెమ్మలు పెట్టాడు. ఆ బూడిద రంగు ఆకులు కాస్త నలిపితే చాలు, ఏ కంపైనా పక్కకి తప్పుకోవాల్సిందే. జూన్ నెల కాబట్టి వాటి మధ్య ఒక పసుపు పువ్వు కూడా గుచ్చాడు. ఇక్కడ పూలు కోయరాదని బోర్డు పాతింది కూడా అతనే.

“పువ్వులు పెట్టావు సరే, కొవ్వొత్తులు కూడా వెలిగించరా! భోజనం అక్కడే చేసేద్దాం,” అన్నాడు వెర్న్, తన బండి ముందు కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ. ఏటా మొదటి వెచ్చటి వారానికి వచ్చి వాలిపోయే పాత స్నేహితుడు.

“నువ్వు రాత్రి వండిన చిక్కుళ్ళు తిన్నవాళ్ళకి ఏ పువ్వూ చాలదులే.”

ఎల్డన్ పొడగరి. రంపపు మిల్లులో బరువులెత్తీ ఎత్తీ వీపు ముందుకి వంగిపోయింది. ఎడమచేతి రెండు వేళ్ళ కొసలు ఆ మిల్లులోనే పోయాయి. మిల్లు మూతపడ్డాక వేసవి వేసవికీ ఈ మైదానానికి వచ్చి, నారింజరంగు చొక్కా తొడుక్కుని, గుడారాలు వేసుకునేవాళ్ళ మరుగుదొడ్లు కడుగుతూ, నెగళ్ళ బూడిద ఎత్తుతూ కాపలా ఉంటున్నాడు. భార్య నడీన్ ఉన్నప్పుడు ఇద్దరూ వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఒక్కడే. అతని గురించి చెప్పుకోవడానికి ఇంతకుమించి పెద్దగా ఏమీ లేదు.

మంచు కరిగిన కొన్నాళ్ళకే ఇక్కడి నేల పూస్తుంది. వాలు నిండా పసుపు, కింద నీలం, రాళ్ళ సందుల్లో ఎరుపు. ఎండ ముదిరేలోగా అన్నీ అయిపోవాలి, పూలూ గుడ్లూ పిల్లలూ. అందుకే ఈ నెలలో ప్రతి ప్రాణికీ తొందరే. తొందర లేనిది ఎల్డన్ ఒక్కడికే.

బూడిద బకెట్ మోసుకుంటూ వెళ్తుంటే చివరి గుడారంలో దిగిన కరిస్సా ఎదురుగా పరుగెత్తుకొచ్చింది. ఆమె చేతుల్లో తువ్వాలు. తువ్వాల్లో పెద్ద పెద్ద చెవులు.

“పొదల్లో ఒంటరిగా పడుందండీ! తల్లి ఎక్కడా లేదు. పాపం, కనీసం ఏడవనైనా లేదు.”

ఆ జింకపిల్ల పుట్టి ఒక పూట కూడా అయినట్టు లేదు. ఒంటి మీద వెంట్రుకలు ఇంకా అట్టకట్టి ఉన్నాయి. ఎల్డన్ బకెట్ కింద పెట్టాడు.

“ఏడవదమ్మా. కదలకుండా పడుకోవడమే దాని పని. తల్లి దూరంగా మేస్తూ, ఎవరూ లేనప్పుడొచ్చి పాలిచ్చి పోతుంది.”

“అయ్యో! ఇప్పుడెలా?”

తిట్టాలని నోటిదాకా వచ్చింది కానీ ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. వైర్‌లెస్‌లో వన్యప్రాణుల ఆఫీసుని పిలిచాడు. ఉన్నచోటే పెట్టేసి దూరంగా వచ్చెయ్యమన్నారు. పంపడానికి మనిషి లేడన్నారు.

“ఎక్కడ దొరికింది తల్లీ?”

“నీలం పూల దగ్గర.”

వెర్న్‌ని కూడా పిలుచుకుని ముగ్గురూ కలిసి వెళ్ళి చూశారు. ఎటు చూసినా నీలం పూలే. కరిస్సా ఒక పొద దగ్గర ఆగింది, ఇది కాదంది, ఇంకో పొద దగ్గర ఆగింది. చివరికి అక్కడే కూలబడి ఏడ్చింది. దూరంగా మిట్ట మీద తల్లిజింక నిలబడి ఉంది. తోక దగ్గరి తెల్లవెంట్రుకలు భయంతో నిక్కబొడుచుకుని ఉన్నాయి.

“తల్లి అక్కడే ఉంది. దీన్ని ఎక్కడ పెట్టామో దానికి తెలిస్తే చాలు,” అన్నాడు ఎల్డన్.

పిల్లని ఒక పొద నీడలో దించాక అతనికి నాన్న గుర్తొచ్చాడు. ఈ జింకలకి వింత చూడాలని మహా ఆరాటం. నాన్న పుల్లకి ఎర్ర రుమాలు కట్టి నేలలో గుచ్చి, వెనక పడుకునేవాడు. అదేమిటో చూద్దామని జింకలు వాటంతట అవే దగ్గరికొచ్చేవి.

“మా నాన్నయితే వెల్లకిలా పడుకుని కాళ్ళు ఆడించేవాడు. మా అమ్మ కూడా అలాగే పడిందనేవాడు,” అన్నాడు వెర్న్.

ఎల్డన్ మెడలోని ఎర్ర రుమాలు విప్పి పొద కొసకి గట్టిగా కట్టాడు. ముగ్గురూ వెనక్కి వచ్చేశారు.

వెర్న్ బండి దగ్గర కూర్చుని బైనాక్యులర్ మార్చుకుంటూ చూశారు. రుమాలు గాలికి ఊగుతోంది. తల్లిజింక మిట్ట దిగింది. జింక సగం దూరం వచ్చి, రుమాలు వంక చూసి, కాలు నేలకేసి కొట్టి వెనక్కి పరుగెత్తింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

నడీన్ చివరి రోజున కూడా ఎల్డన్ ఇలాగే కుర్చీలో కూర్చున్నాడు. మీరు బయట ఉంటే చాలండీ, అదే సాయం అన్నారు ఆస్పత్రివాళ్ళు. టోపీ ఒళ్ళో పెట్టుకుని బయట ఉన్నాడు. ఆ సాయం ఎందుకు పనికొచ్చిందో అతనికి ఈనాటికీ తెలియదు.

“అంత ముసలి జింకేం కాదే,” అన్నాడు వెర్న్. “ఇది తుపాకీ మోత విని ఎరగదు. మరెందుకంత భయం? ఒరే, మీ నాన్న రుమాలు దగ్గరికొచ్చినవాటిలో ఎన్ని తిరిగెళ్ళాయి?”

ఎల్డన్ బైనాక్యులర్ దించాడు.

“ఒక్కటీ వెళ్ళలేదు.”

రుమాలు లేని మెడ తడుముకున్నాడు.

“నాన్న కాల్చగా, రుమాలు చూసి రానివే మిగిలాయి వెర్న్. ఇది వాటి మనవరాలు.”

“అయితే వెళ్ళి విప్పెయ్యండి!” అంది కరిస్సా.

“ఇప్పుడు మళ్ళీ మనిషి కనిపిస్తే కొండ దాటిపోతుంది.”

“విప్పకపోతే?”

అతను బైనాక్యులర్ మళ్ళీ ఎత్తాడు. మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మింది. సాయంత్రానికి వడగళ్ళ వాన పడింది. పసుపు పూలు కాడలతో సహా నేలకి ఒరిగాయి. కరిస్సా గుడారంలోకి పోలేదు, నెత్తిన తువ్వాలు వేసుకుని అలాగే నిలబడింది. ఎల్డన్ రెండుసార్లు లేచి రెండుసార్లూ కూర్చున్నాడు. వెళ్తే ఒక తప్పు, ఉంటే ఒక తప్పు.

పొద్దు వాలుతుండగా ఇక ఉండలేక ఒక్కడే నడిచి వెళ్ళాడు. పిల్ల తాము దించినట్టే ముడుచుకుని ఉంది. గడ్డం నేలకి ఆనించి, చెవులు వెనక్కి వాల్చి, కదలకుండా పడుకోవడం అనే తన పని తాను చేస్తూనే ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది. కనురెప్ప మీద ఒక వడగల్లు కరగకుండా ఉండిపోయింది.

“మన్నించు,” అన్నాడు. పిల్లతోనో, తల్లితోనో, నడీన్‌తోనో.

రుమాలు విప్పబోయాడు. తడిసిన ముడి బిగిసిపోయింది. కొసలు లేని వేళ్ళకి అది చిక్కలేదు. పళ్ళతో లాగాడు, రాలేదు. చీకటి పడకముందే తను పోతే తల్లి ఒకసారైనా వచ్చి చూసుకుంటుందని, దాన్ని అలాగే వదిలేసి వచ్చేశాడు. దారిలో వెనక్కి తిరిగి చూశాడు. తల్లిజింక మిట్ట మీదే ఉంది, పొద వంకే చూస్తోంది.

వాన వెలిసిన గాలికి రుమాలు తడి ఆరి, మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది.