నొక్కే చెయ్యి

వార్నిష్ వాసన.

వేడిగా, తియ్యగా, గొంతులో గీరుకునే వాసన. ఇరవై రెండేళ్ళుగా అది ఆమె జుట్టులో ఉంది, చీరలో ఉంది... ఇంట్లో దిండు గలీబులో కూడా ఉంది.

కాలిపోయిన మోటార్లు బాగుచేసే షెడ్డు అది. పాత తీగ పీకేసి కొత్త రాగితీగ చుట్టడం ఆమె పని. చెయ్యి ఆగదు, లెక్క తప్పదు.

చుట్టిన మోటారు కిటికీ పక్కనున్న బల్ల మీదికి వెళ్తుంది. అక్కడ మేస్త్రి మీట నొక్కుతాడు. మోటారు గిర్రున తిరుగుతుంది. అందరూ మేస్త్రిని మెచ్చుకుంటారు.

ఆ మీటను ఆమె ఒక్కసారి కూడా నొక్కలేదు.

ఒకరోజు అడిగింది. మేస్త్రి నవ్వాడు.

"చుట్టే చెయ్యి వేరు, నొక్కే చెయ్యి వేరు అమ్మాయ్. ఎవరి పని వాళ్ళది."

అమ్మాయట! ఆమెకు నలభై ఆరేళ్ళు. ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలోనే మొదలుపెట్టింది.

ఫోనులో చూసింది. ఒక ప్లాస్టిక్ గొట్టం. దాని మీద వెయ్యి చుట్ల సన్నతీగ. అడుగున నాలుగు చుట్ల లావుతీగ. ఒక బ్యాటరీ, దాని వెంట చిన్న సర్క్యూట్. అంతే — గొట్టం కొసన గాలిలోకి ఊదారంగు మెరుపు. వేలెడంత మెరుపు.

"దేనికి పనికొస్తుందే అది?" అంది అత్త.

"దేనికీ పనికిరాదు అత్తయ్యా."

"అయితే చెయ్యి. పనికొచ్చేవన్నీ చేసి నేనేం బావుకున్నాను?"

ఆదివారం మధ్యాహ్నానికి గొట్టం చుట్టడం అయ్యింది. చీకటి కోసం ఇంటి కిటికీకి దుప్పటి కట్టి మీట నొక్కింది.

మెరుపు లేదు.

చుట్ల లోపల ఎక్కడో చిటచిట... పొగ.

"పాడు తీగ!" అంది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది," అంది అత్త.

అప్పుడు తన చేతుల వంక చూసుకుంది. తప్పు వాటిదే. మోటారులో చుట్లు గుత్తిగా పడతాయి — ఒకదాని మీద ఒకటి, ఎలా పడినా సరే, గాడిలో ఇమిడితే చాలు. ఆ చేతులు ఇన్నేళ్ళూ నేర్చుకుంది అదే. మెరుపు దానికి ఒప్పుకోదు. మొదటి చుట్టు పక్కన నూరో చుట్టు పడితే, అక్కడే దూకేస్తుంది. దగ్గరి దారి దొరికాక పైదాకా ఎందుకు ఎక్కుతుంది?

విప్పింది. వెయ్యి చుట్లూ విప్పింది.

మళ్ళీ చుట్టింది. ఒకే వరస. చుట్టు పక్కన చుట్టు. ఆరువందల నలభై దగ్గర చెయ్యి పాత అలవాటుకొద్దీ వెనక్కి ఎగబాకింది.

మళ్ళీ విప్పింది. చెయ్యి మాట వినేదాకా విప్పింది.

"మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిదాని సంగతి ఎవరూ చెప్పలేదు," అని అత్త దీపం దగ్గరగా జరిపింది.

ఒకరోజు భోజనాల వేళ, ఆ గొట్టాన్ని తెచ్చి కిటికీ పక్క బల్ల మీద పెట్టింది. షెడ్డులో అందరూ చుట్టూ మూగారు.

మేస్త్రి చెయ్యి చాచాడు. "ఇటివ్వు. నేను నొక్కుతా."

"వద్దు."

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"ఆ మూలనున్న పాత ట్యూబ్‌లైటు పట్టుకుని ఇలా నిలబడండి మేస్త్రీ గారూ."

"మాడిపోయిందిది! తీగ కూడా లేదు. నాతో వేళాకోళమా?"

అయినా పట్టుకున్నాడు. నలుగురిలో ఆమెను చూసి నవ్వడానికి పట్టుకున్నాడు.

వెలగకపోతే ఆ నవ్వును రోజూ వినాలి. ఈ బల్ల దగ్గరికి ఇక జన్మలో రానివ్వరు. ఆమెకు తెలుసు. వేలు మీట మీద ఆనించింది.

నొక్కింది.

జుయ్‌మంటూ గొట్టం కొసన ఊదారంగు మొలక లేచింది... కొమ్మలు వేసింది... గాలిని వెతుక్కుంది. వాన ముందటి వాసన లాంటిదేదో షెడ్డంతా కమ్మింది. వార్నిష్ వాసన ఎటు పోయిందో.

మేస్త్రి చేతిలో ట్యూబు వెలిగింది.

తీగ లేకుండా. తెల్లగా. ఆయన పిడికిలి దాకా.

"ఆపు," అన్నాడు.

ఆపలేదు.

"రేపటి నుంచి నేను చుట్టినవాటికి మీట నేనే నొక్కుతాను."

మేస్త్రి ట్యూబు కింద పెట్టేయొచ్చు — పెట్టలేదు. తన చేతిలోని వెలుగుకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆమె వేలు తియ్యలేదు.