డిసెంబరు దాటిన గింజలు

మొక్కజొన్నలు దంచడం వచ్చా అని యెరెమియాస్ సార్ అడిగినప్పుడు, అది కూడా పరిశోధనలో ఒక భాగమే కాబోలు అనుకుంది డెల్ఫీనా. వచ్చు సార్ అంది, పరీక్షలో చదివిన ప్రశ్నే వచ్చినంత సంతోషంగా.

"అయితే ఆ గుండ్రటింట్లోకి వెళ్ళి ఓ చెయ్యి వెయ్యి. మనందరికీ వండుతున్నారు పాపం," అన్నారు సార్.

కుపాంగ్ పట్నం నుంచి ఆమెతో పాటే లారీ వెనక కూర్చుని కొండ ఎక్కి వచ్చిన మెల్కికి మాత్రం మాటలు రికార్డు చేసే మిషనూ ప్రశ్నల కాగితాలూ ఇచ్చి, రేకులింటి వరండాలో కుర్చీ చూపించారు. ఇద్దరూ డిగ్రీ మూడో సంవత్సరమే. ఇద్దరికీ ఇదే మొదలు. పరిశోధనంటే అసలు ఏం చెయ్యాలి అని దారిలో అడిగితే, నాకూ తెలీదు, పోయాక తెలుస్తుందిలే అన్నాడు మెల్కి. తెలియకపోవడం ఇద్దరికీ సమానంగానే ఉంది. కుర్చీ ఒక్కరికే దొరికింది.

ఈ రెండు రోజుల కోసం ఆమె ఇంట్లో ఎంత చేసొచ్చిందో ఆమెకే తెలుసు. నీళ్ళన్నీ పట్టింది. చేప వేయించి పెట్టింది. బట్టలుతికి ఆరేసింది. ఊళ్ళలో కరువు నెలల్లో ఏం తింటారో కనుక్కోవడానికి వెళ్తున్నామని చెబితే, భర్త నిమ్రోద్ పళ్ళెంలోంచి తల ఎత్తకుండానే, "వాళ్ళేం తింటారో తర్వాత. రేపు నేనేం తినాలో చెప్పు," అన్నాడు. తమాషాకే అన్నాడు. అతను ఏదన్నా తమాషాకే అంటాడు. అత్తగారు తమాషాకి అనదు. మీ పుట్టింటికి ఆవుల్ని తోలిచ్చి నిన్ను కోడలిగా తెచ్చుకున్నది ఊరి వాళ్ళ పొయ్యిలు ఊదడానికి కాదు అంది. అప్పుడు డెల్ఫీనాకి కోపం వచ్చింది, నేను పొయ్యి ఊదడానికి పోవడం లేదు అత్తయ్యా అనేసింది కూడా. ఇప్పుడు ఆ గుండ్రటింటి ముందు నిలబడి, నేల దాకా దిగిన గడ్డి కప్పునీ, మోకాళ్ళ మీద దూరితే తప్ప పట్టని గుమ్మాన్నీ చూస్తే ఆ మాటే గుర్తొచ్చింది. సార్ చెప్పింది తప్పు పని కాదు. వంట తప్పు పనా? సాయం తప్పు పనా? ఎక్కడో గుచ్చుకుంటోంది కానీ ఎక్కడో పట్టుకోలేకపోయింది. వంగి లోపలికి దూరింది.

లోపల కిటికీ లేదు. పొగ తప్ప ఏమీ కనపడలేదు కాసేపు. తర్వాత నలుగురు ఆడవాళ్ళు కనపడ్డారు. ఆ ఇంటి ఇల్లాలు పెట్రొనేలా రోకలి ఆమె చేతికిచ్చి, దంచుతుంటే చూస్తూ నిలబడింది. నాలుగు పోట్లు చూశాక పక్కవాళ్ళతో, "పరవాలేదు, చదువుకున్నా చేతులున్నాయి పిల్లకి," అంది. అందరూ నవ్వారు. డెల్ఫీనా కూడా నవ్వింది. ఆ రోజు మొదలయ్యాక తనకి ఎవరైనా మార్కులు వెయ్యడం అదే మొదటిసారి.

పెళ్ళయిందా అని అడిగారు. అయింది. అత్తతోనే ఉంటావా? ఉంటాను. అయితే చెప్పక్కర్లేదులే అంది ఒకామె బొబ్బర్లు కడుగుతూ.

గింజలు చాలవని పెట్రొనేలా నిచ్చెనేసుకుని అటక ఎక్కింది. పొయ్యి పొగ నేరుగా ఆ అటకకే పడుతుంది. అక్కడ మొక్కజొన్న కండెలు కట్టలు కట్టలుగా, నల్లగా, నిగనిగలాడుతూ వేలాడుతున్నాయి. సరిగ్గా అప్పుడే వాకిలి అవతల నుంచి మెల్కి గొంతు వినపడింది, మీ ఇంట్లో మొక్కజొన్నలు ఏ నెల దాకా వస్తాయండీ అని. పెట్రొనేలా మొగుడు వెలెం దిగులుగా జవాబు చెప్పాడు. "క్రిస్మస్ చూడవు బాబూ. ఆ తర్వాత మూడు నెలలు ఆకులూ దుంపలే."

అటక మీద పెట్రొనేలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకుంది డెల్ఫీనా. కట్ట భుజాన వేసుకుని దిగాక చూస్తే కళ్ళనిండా నవ్వు.

"కొత్త కండెలు వచ్చేదాకా ఉంటాయి," అంది గొంతు తగ్గించి. "ఆయనతో మాత్రం క్రిస్మస్ ముందే అయిపోయాయని చెప్తాను. తర్వాత ఆ దుంపల్లోనే కాసిని దంచి కలిపేస్తాను. ఏటా అంతే. ఈ నలుగురి ఇళ్ళలోనూ అంతే."

ఎందుకని అడిగింది డెల్ఫీనా. ఒక ఏడు నిజం చెప్పిందట. ఆ వారంలోనే వెలెం తమ్ముడింట్లో చావు వచ్చింది. ఉన్నాయని తెలిశాక మగాడు ఆగుతాడా, పెద్దరికం కోసం కట్టలన్నీ మోయించి ఊరందరికీ పెట్టాడు. పేరు ఆయనకొచ్చింది. పిల్లలకి మాత్రం ఆమె చింతపిక్కలు ఉడకేసి పెట్టింది. అప్పటి నుంచీ ఈ అబద్ధం.

"మరి ఆయన ఎక్కి చూడడా పెద్దమ్మా?"

"మగాడు అటక ఎక్కితే మొక్కజొన్న ప్రాణం ఎగిరిపోతుంది."

"నిజంగా పోతుందా?"

"ఎక్కి చూసినవాడు లేడుగా," అంది పెట్రొనేలా. రోలు చుట్టూ నవ్వులు. ఆ నవ్వు అణిగాక ఆమె డెల్ఫీనా వైపు తిరిగింది. "మాది చెప్పాం. నువ్వేం దాచుకున్నావో చెప్పు."

దాచుకోవడానికి నా దగ్గర ఏముంది అనబోయింది. నోట్లోంచి ఇంకోటి వచ్చింది. కాలేజీ రెండింటికే అయిపోతుంది, అత్తయ్యకి నాలుగింటికని చెప్పాను అంది. మధ్యలో ఏం చేస్తావు, ఎవడన్నా ఉన్నాడా అని అడిగారు ఆశగా. లైబ్రరీలో కూర్చుంటాను, ఒక్కోరోజు చదువుతాను, ఒక్కోరోజు ఊరికే కూర్చుంటాను అంది. ఊరికే కూర్చోవడం అన్న మాటకి ఎవరూ నవ్వలేదు. బొబ్బర్లు కడిగే ఆమె, "మంచిదే," అంది అంతే.

వండారు, వడ్డించారు. గిన్నెలు కూడా డెల్ఫీనాయే తోమింది. ఇంటికొచ్చాక ఏం కనిపెట్టావని నిమ్రోద్ అడిగితే గంజి కాచానని చెప్పింది. దానికి యూనివర్సిటీ ఎందుకు అని పగలబడి నవ్వాడు. తమాషాకే.

వారం తర్వాత డెల్ఫీనా, మెల్కి కాలేజీలో సార్ గదికి వెళ్ళారు. సార్ లెక్కలు చూసి చూసి కళ్ళద్దాలు తీశారు. ఈ లెక్కన ఏటా ఫిబ్రవరికల్లా ఆ ఊళ్ళో సగం మంది మంచం పట్టాలి, ఎవరికీ ఏమీ కావడం లేదు, ఏదో తింటున్నారు, ఏం తింటున్నారు అన్నారు. మెల్కి కాగితాలు తిరగేశాడు. అతనికి చెప్పినదాంట్లో అది లేదు.

"మొక్కజొన్నలే సార్," అంది డెల్ఫీనా. ఎందుకందో ఆమెకే తెలియదు. జవాబు తెలిసిన పిల్ల చెయ్యెత్తినట్టు అనేసింది. "ఆడవాళ్ళ దగ్గర ఉన్నాయి."

సార్ లేచి, గోడ పక్కనున్న కుర్చీ తనే లాగి ఆమెకి వేశారు. కూర్చోమన్నారు. ఇది మామూలు సంగతి కాదమ్మా అన్నారు. నోటిమాట చెల్లదు, నువ్వు విన్నది విన్నట్టు రాసిచ్చి సంతకం పెట్టాలి, అది లేకుండా నేనొక్క ముక్క కూడా వాడలేను అన్నారు. ఎవరి ఇల్లు, ఎన్ని కట్టలు, ఎవరు చెప్పారు, అంతా ఉండాలి. వ్యాసం మీద నా పేరు పక్కన నీ పేరు వేస్తాను, నీ డిగ్రీ పరిశోధన కూడా దీనితోనే అయిపోతుంది అన్నారు. మంచి మనిషి. అబద్ధం ఆడే మనిషి కాదు. చివరికి, మన పద్ధతి ప్రకారం ముందుగా ఆ ఊరికే వెళ్ళి, తెలుసుకున్నది ఊరందరి ముందూ చదివి వినిపిద్దాం, వాళ్ళ విషయం వాళ్ళకి తెలియాలిగా అని కూడా అన్నారు.

ఇంటికి వెళ్ళే దారంతా ఆమెకి కాళ్ళు నేల మీద ఆనలేదు. తన పేరు, అచ్చులో, సార్ పేరు పక్కన. నిమ్రోద్‌కి చూపిస్తే ఏ తమాషా ఆడతాడు? అన్నం ఉడుకుతుండగా పొయ్యి పక్కనే కాగితం పరుచుకుని కూర్చుంది. పెట్రొనేలా అని రాసింది. ఆ పేరు దగ్గరే ఆగిపోయింది. ఊరందరి ముందూ అన్నారు సార్. ముందు వరసలో ఎవరు కూర్చుంటారు? వెలెం కూర్చుంటాడు. వాళ్ళ విషయం వాళ్ళకి తెలియాలి. ఎవరి విషయం, ఎవరికి? అయినా తను దొంగిలించిందా ఏమన్నా, వాళ్ళే చెప్పారు, తను విన్నది. వినడమే కదా పరిశోధన. మెల్కీ విన్నాడు. కానీ మెల్కి ముందే చెప్పాడు, నేను ఫలానా, ఇందుకు వచ్చాను, మీ మాటలు రాసుకుంటాను అని. వరండాలో వెలెం అది విని, గొంతు సవరించుకుని, చెప్పదలుచుకున్నది చెప్పాడు. తను లోపలికి దూరి రోకలి అందుకుంది. కాలేజీ పిల్లతో వాళ్ళు అలా నవ్వుతారా? ఓ ఇంటి కోడలితో నవ్వారు. అయినా నిజం నిజమే కదా. సార్ లెక్క తప్పుగా ఉంటే ఎలా? ఇలా రెండు వైపులా తిప్పి తిప్పి చూసుకుంది. ఏ వైపూ తేలలేదు. తేలనిదల్లా ఒక చిన్న సంగతి దగ్గర తేలింది. ఆ పూట వంటింట్లో రహస్యం చెప్పింది నలుగురు కాదు, అయిదుగురు. అయిదోది తనదే, రెండింటికీ నాలుగింటికీ మధ్యది. విన్నది విన్నట్టు అన్నారు సార్. ఆ అయిదోది ఈ కాగితం మీద పెట్టాలని తనకి తట్టనైనా లేదు.

"అన్నం అడుగంటుతోంది," అంది అత్తగారు వెనకనుంచి. "రాతలు చూడు రాతలు."

డెల్ఫీనా కుండ దింపింది.

మర్నాడు సార్ గదిలో మెల్కి కూడా ఉన్నాడు. సార్ చెయ్యి చాచారు, కాగితం కోసం. ఆమె వట్టి చేతులతో నిలబడింది. ఈసారి కుర్చీలో కూర్చోలేదు.

"రాయలేదు సార్."

రాయడం తెలియకపోతే నేను నేర్పుతాగా అన్నారు సార్ మెత్తగా. మొదటిసారి ఎవరికైనా గజిబిజిగానే ఉంటుందన్నారు. నీ చేతికి అందివచ్చింది చూసి చూసి వదులుకుంటావా అన్నారు. వదులుకుంటున్నానేమో అని ఆమెకీ భయంగానే ఉంది.

"మళ్ళీ వెళ్ళినప్పుడు ముందు నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పి అడుగుతాను సార్. రాసుకోమంటే రాసుకుంటాను. వద్దంటే లేదు."

"అప్పుడు చెప్పరమ్మా. మొన్న చెప్పారుగా. చెప్పిందాన్ని రాయడానికేం?"

డెల్ఫీనా ఒకసారి మెల్కి కూర్చున్న కుర్చీ వైపు చూసింది.

"మొన్న మీరు నన్ను పరిశోధనకి పంపలేదు కదా సార్," అంది. "వంటకి పంపారు."