అవతలివాడి తరఫు

రాజమండ్రి కోర్టులో శివరామకృష్ణ గారి దగ్గర రామతులసి ఏడేళ్ళు జూనియర్‌గా చేసింది. ఏ ఒక్క కేసులోనూ ఆయన ఆమెను తమ పార్టీ తరఫున నోరు విప్పనివ్వలేదు. సాయంత్రం ఆఫీసులో ఫైలు ముందు పడేసి, ఓ పట్టు నశ్యం పీల్చి, "ఊఁ, అవతలివాడి తరఫున మాట్లాడమ్మా. నన్ను ఓడించు," అనేవారు. ఓడిస్తేనే కాఫీ. ఆ ఏడేళ్ళలో ఆమె తాగిన కాఫీలు అంతంతమాత్రమే.

తోటి జూనియర్ సురేష్‌బాబుకి ఇదో వేళాకోళం. "ఏంటండీ, ఇవాళ కూడా అవతలి పార్టీయేనా? ఫీజు కూడా వాళ్ళనే అడగండి," అనేవాడు. రామతులసికి ఒళ్ళు మండేది.

వయసు దాటిపోయే ఏడాది జడ్జి పరీక్ష రాసి గట్టెక్కింది. హైదరాబాదులో ఇంటర్వ్యూ. పెద్ద జడ్జీలు ఓ అద్దె ఇంటి తగాదా చెప్పి, ఓనరు తరఫున వాదించమన్నారు. ఆమె ఊపందుకునేసరికి, "చాలు. ఇప్పుడు అద్దెకున్నవాడి తరఫున చెప్పండి," అన్నారు. రామతులసి నవ్వు బిగబట్టుకుంది. ఆ గదిలో నశ్యం వాసన ఒక్కటే తక్కువ, మిగతాదంతా శివరామకృష్ణ గారి ఆఫీసే.

ఉద్యోగం వచ్చాక వెళ్ళి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టింది. "నాదేముందమ్మా? నీ పుణ్యమా అని బోలెడు కాఫీ పొడి మిగిలింది," అన్నారాయన.

పిఠాపురంలో జూనియర్ సివిల్ జడ్జిగా వేశారు. ఏడాది తిరక్కుండానే ఆ శివరామకృష్ణ గారే వచ్చి ఆమె ముందు నిలబడ్డారు. ఆయన క్లయింటు అప్పాజీ పెద్ద రైతు. పక్క చేను గంగయ్య తన మురుగునీటిని అప్పాజీ చేలోని బోదె కాలవలోంచి వదలకుండా ఇంజంక్షన్ కావాలట.

"వీరు నా సీనియర్ గారు. మీకు అభ్యంతరముంటే కేసు వేరే కోర్టుకి పంపమని రాస్తాను," అంది రామతులసి గంగయ్యతో.

గంగయ్య చేతులు కట్టుకుని, "అయ్యగారి దగ్గర నేర్చుకున్నారు కదండీ, తమరే చూడండి," అన్నాడు.

శివరామకృష్ణ గారు అద్భుతంగా వాదించారు. గంగయ్య వకీలు తడబడుతూ నాలుగు ముక్కలు చెప్పి కూలబడ్డాడు. ఇప్పుడు సరేననేస్తే ఎవరూ తప్పుపట్టరు, గురువుగారి మాటా నిలుస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు సిగ్గేసింది. వెంటనే మనసు అలవాటు చొప్పున అవతలి పక్షానికి నడిచింది.

"ఆ బోదె తాతలనాటిదని మీ పిటిషన్‌లోనే ఉందండి. ఇప్పుడు మూసేస్తే గంగయ్య ఊడ్పులు మునిగిపోవా?"

ఆయన చేతిలోని పిటిషన్ మడిచారు. "దానికి నా దగ్గర సమాధానం లేదు, యువర్ ఆనర్."

ఆమె పిటిషన్ కొట్టేసింది. ఆయన అందరు జడ్జీలకూ వంచినట్టే తల వంచి, కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయారు. అప్పాజీ చిరచిరలాడుతూ ఆయన వెంట పడ్డాడు.

మధ్యాహ్నం అటెండరు ఎప్పటిలాగే ఛాంబర్‌లోకి కాఫీ తెచ్చిపెట్టాడు. గ్లాసు పట్టుకోగానే రామతులసికి కళ్ళు నిండిపోయాయి. ఈ బల్ల, ఈ కుర్చీ, ఇందాకటి ఆ ప్రశ్న, అన్నీ ఆయన పెట్టిన భిక్షే.

"ఓడించానండీ," అని మెల్లగా అనుకుని, కాఫీ తాగింది.