పార్కింగ్ లాట్‌లో దిష్టిబొమ్మ

అల్వరాడోని అమ్మేశారన్న వార్త ఫోన్‌లో చూడగానే మా ఆయన రాజ్ చేతిలో ఉన్న కాఫీ కప్పు గోడకేసి కొట్టాడు. కప్పు ముక్కలైంది, గోడంతా మరకలైంది, తుడిచింది మాత్రం నేను. టీమ్‌ని నాశనం చేసినవాడు వచ్చి తుడుస్తాడా?

బేస్‌బాల్ తెలియనివాళ్ళకి కూడా అర్థమయ్యే సంగతే ఇది. మా నెవార్క్ ఐరన్స్‌లో బంతి వేయడం వచ్చినవాడు అల్వరాడో ఒక్కడే. ఎడమచేత్తో విసిరితే, బంతి వెనకవాడి గ్లవ్‌లో పడ్డాక ఎదుటివాడు బ్యాట్ ఊపేవాడు. మిగతావాళ్ళంతా జీతం కోసం మైదానంలోకి వచ్చి గడ్డి చూసుకుని వెళ్ళేవాళ్ళే. అలాంటి మనిషిని జూలై ఆఖర్లో వేరే ఊరి టీమ్‌కి ధారాదత్తం చేసి, బదులుగా మీసాలు కూడా సరిగా రాని ఇద్దరు కుర్రాళ్ళని తెచ్చుకున్నారు. వాళ్ళు ఆటగాళ్ళయ్యేసరికి మా ఆయన రిటైరైపోతాడు. ఈ ఘనకార్యం చేసినవాడు కర్టిస్ బెల్‌ఫోర్డ్, మా టీమ్ జనరల్ మేనేజర్. ఆటగాళ్ళని కొనేదీ అమ్మేదీ ఆయనే. కిందటేడు మోకాలు పోయిన మనిషిని ఏరికోరి తెచ్చి నెత్తిన పెట్టుకున్నదీ ఆయనే.

ఇక వాల్టర్ సంగతి చెప్పాలి. మేముండే పిస్కాటవేలో ఏ వీధిలో రాయి విసిరినా తెలుగువాడికే తగులుతుంది. బర్త్‌డేలకి వస్తారు, వ్రతాలకి వస్తారు, డబ్బాల్లో పులిహోర కట్టించుకుని వెళ్తారు. స్నేహితుడంటూ రాజ్‌కి ఈ దేశంలో ఉన్నది మాత్రం వాల్టర్ ఒక్కడే. స్టేడియంలో మా పక్క సీటు ఆయనది, వేరే ఊళ్ళో ఆటైతే రాజ్ ఉండేది ఆయనింట్లో టీవీ ముందే. నల్లాయన, ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. ఆట ఓనమాలు రాజ్‌కి నేర్పింది ఆయనే. రాజ్ గుండెకి స్టెంట్ వేసిన రోజు హాస్పిటల్లో నా పక్కన కూర్చుని, నాకు ఏడుపొచ్చినప్పుడల్లా చల్లటి శాండ్‌విచ్ చేతిలో పెట్టింది ఆయనే. మా అమ్మాయి వేద నెవార్క్‌లో కాలేజీలో చేరాక, ఆదివారం మ్యాచ్‌కి దాన్ని తన ట్రక్కులో ఎక్కించుకొచ్చేది కూడా ఆయనే. వాల్టర్ లేకపోతే రాజ్‌కి ఆట లేదు, ఆదివారం లేదు. ఆ వారం పోగొట్టుకోబోయింది అల్వరాడోని కాదు, ఈ మనిషిని.

ఆ అమ్మకం వార్త వచ్చిన రోజే ఇద్దరూ ఫోన్లో కొట్టుకున్నంత పని చేశారు. స్పీకర్‌లో అంతా విన్నాను.

"బెల్‌ఫోర్డ్‌కి కొంచెం టైమివ్వు రాజ్," అన్నాడు వాల్టర్. "ఈ టీమ్‌కి మొట్టమొదటి నల్ల జనరల్ మేనేజర్ ఆయన. ముందున్న తెల్లవాళ్ళు ఏళ్ళ తరబడి ఓడిపోయినా ఎవరూ కిక్కురుమనలేదు."

"నలుపైతే నాకేంటి, తెలుపైతే నాకేంటి? అల్వరాడోని ఎందుకు అమ్మాడో చెప్పు!"

చాలా గొప్ప మాట అన్నాననుకున్నాడు మా ఆయన. "ఆదివారం కలుద్దాం," అని వాల్టర్ ఫోన్ పెట్టేశాడు.

శనివారం పొద్దున్నే శేషగిరి మా గరాజ్‌లో దిగాడు. రాజ్ ఆఫీసులోనే పని, H-1B వీసా మీద ఉన్నాడు, హన్మకొండ మనిషి. కాలేజీ రోజుల్లో విద్యార్థి నాయకుడట. ఫీజు పెంచితే దిష్టిబొమ్మ, బస్సు ఆపకపోతే దిష్టిబొమ్మ, మెస్‌లో పప్పు నీళ్ళగా ఉంటే వార్డెన్ దిష్టిబొమ్మ. మనవైపు ఇది మామూలే. కుర్చీలో కూర్చున్న ప్రతివాణ్ణీ ఏదో ఒక సెంటర్లో ఎవరో ఒకరు తగలబెట్టే ఉంటారు. ఆ కాలినాయన మర్నాడు పేపర్లో తన ఫొటో చూసుకుని టీ తాగుతాడు. చంపేశామని ఎవరూ అనుకోరు. మనకి కోపమొచ్చిందని చెప్పే పద్ధతి, అంతే.

"గిట్ల ట్విట్టర్ల తిడితే ఎవడు ఖాతరు జేస్తడన్నా," అన్నాడు శేషగిరి. "స్టేడియం పార్కింగ్ లాట్ల బొమ్మ తగలబెడదాం. టీవీలల్ల రాకపోతే నా పేరు మార్చుకుంట."

రాజ్ కళ్ళు వెలిగిపోయాయి.

"కార్ల మధ్య నిప్పేంటి, మీకు మతి ఉందా అసలు?" అని అరిచాను.

"ఆట ముందర అందరు గాడ గ్రిల్లుల మీద మాంసం కాలుస్తరు గద వదినా. గదీ నిప్పే, గిదీ నిప్పే."

రాజ్ పాత ప్యాంటు, ఐరన్స్ జెర్సీ, గార్డెన్ షాపులో కొన్న ఎండుగడ్డి. మనూళ్ళలో తలకి కుండ పెట్టి మసి పూస్తారు. ఇక్కడ కుండ దొరక్క, నల్ల చెత్తసంచీలో కాగితాలు కుక్కి ముడేశారు. దాని మీద తెల్ల పెయింట్‌తో కళ్ళు, పళ్ళు. మెడలో చెప్పుల దండ. ఇద్దరూ చిన్నపిల్లల్లా మురిసిపోయారు.

ఆదివారం మధ్యాహ్నం స్టేడియం బయట ఎండ పేలిపోతోంది. వేల కార్లు, ప్రతి కారు వెనకా ఒక గ్రిల్, కుర్చీలు, బీర్ డబ్బాలు. బొమ్మని ఊరేగిద్దామంటే కార్ల మధ్య సందు లేదు. నేల మీద నిలబెడితే ఎవరికీ కనబడదు. శేషగిరి తాడు తీసి బొమ్మ మెడకి బిగించాడు, రెండో కొసని లైటు స్తంభం చేతి మీదుగా విసిరాడు. రాజ్ ఆ కొస లాగి స్తంభానికి కట్టేశాడు. బొమ్మ పైకి లేచింది. మెడ ఒక పక్కకి వాలిపోయి, కాళ్ళు గాలిలో ఊగాయి.

"బెల్‌ఫోర్డ్ డౌన్ డౌన్!" శేషగిరి గొంతు చించుకున్నాడు.

రెండు వరసల అవతల తాగుతున్న తెల్ల కుర్రాళ్ళ గుంపు ఒక్కసారిగా ఈల వేసింది. ఫోన్లు పైకి లేచాయి. ఎర్ర టోపీ తిరగేసి పెట్టుకున్నవాడొకడు వచ్చి రాజ్ వీపు చరిచి, బొమ్మని చూపిస్తూ ఒక మాటన్నాడు. ఆ మాట నేనిక్కడ రాయను. అరుపుల్లో రాజ్‌కి అది వినబడలేదు, నవ్వి వాడి చేతికి చెయ్యి కొట్టాడు. మా పక్క కారు దగ్గర ఒక నల్లావిడ చికెన్ కాలుస్తోంది. బొమ్మని చూసి, పిల్లల మొహాలు తన నడుముకేసి అదుముకుని, వాళ్ళని కారులోకి తోసి, గ్రిల్ మీద మాంసం అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. ఎందుకెళ్ళిందో నాకు అంతుపట్టలేదు, కానీ రాజ్ దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"రాజ్, దించెయ్. నాకేం బాలేదు," అన్నాను.

"ఇంకొక్క నిమిషం త్రివేణీ," అని బొగ్గుల మీద పోసే ద్రవం బొమ్మ కాళ్ళ మీద చల్లి, లైటర్ వెలిగించాడు. గడ్డి భగ్గుమంది.

అదే సమయానికి వాల్టర్ ట్రక్కు వచ్చింది. అది ఆగకముందే వేద దూకింది.

"నాన్నా! దించు! టేక్ ఇట్ డౌన్, ప్లీజ్, అది దించు నాన్నా!"

"పోలీసులు ఏమీ అనర్లేమ్మా, నువ్వు భయపడకు."

వాల్టర్ దిగాడు. ఆయన మొహం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నేరుగా తాడు దగ్గరికి నడిచాడు. ఎర్ర టోపీవాడు అడ్డమొచ్చి, "ఏం, నీవాడు కాలుతుంటే చూడలేవా?" అని ఛాతీ మీద చెయ్యేసి నెట్టాడు. వాల్టర్ ఒక్కటే గుద్దాడు. వాడు ఐసుపెట్టె మీద పడ్డాడు, పెట్టె బోర్లాపడింది, ఐసు, బీరు, వాడి పళ్ళలోంచి కారిన రక్తం ఒక్కచోట కలిశాయి.

మా ఆయన బుర్రలో అప్పటికీ అల్వరాడోనే ఉన్నాడు.

"ఆ బెల్‌ఫోర్డ్ గాడి కోసం మనుషుల్ని కొడతావా వాల్టర్? కాలనివ్వు!" అంటూ వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకు లాగాడు.

వాల్టర్ తిరిగాడు. రాజ్ ముక్కు ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. రాజ్ వెల్లకిలా పడ్డాడు.

వాల్టర్ ఎగిరి, మండుతున్న బొమ్మ కాళ్ళు రెండు చేతులా పట్టుకుని కిందికి వేలాడాడు. పైనున్న చెత్తసంచీ కరిగి చుక్కలు చుక్కలుగా ఆయన మోచేతుల మీద పడింది. పడిన చోటల్లా చర్మం ఊడింది. అయినా వదల్లేదు. తాడు తెగాక బొమ్మతో సహా నేల మీద పడి, లేచి, బూట్లతో మంట తొక్కాడు. చొక్కా చెయ్యి అంటుకుంటే వేద ఐసు నీళ్ళు గుమ్మరించింది. ఈలోగా ఎర్ర టోపీ గుంపంతా ఆయన మీద పడింది. డొక్కలో తన్నులు, మెడ మీద తన్నులు. నా చేతికి మడతకుర్చీ దొరికింది. ఒకడి వీపు మీద అది విరిగేదాకా కొట్టాను. చెయ్యి బెణికింది కానీ మనసుకి హాయిగా ఉంది, ఆ మాట దాచడం దేనికి?

శేషగిరి అప్పటికే కారు స్టార్ట్ చేశాడు. "అన్నా, అరెస్టయితే నా H-1B ఖతమే. నాకేం తెల్వదని చెప్పన్నా," అని అద్దంలోంచి అరిచి, కుర్చీల్ని తొక్కించుకుంటూ పోయాడు. దొరికితే వాడి మీద ఇంకో కుర్చీ విరగ్గొట్టేదాన్ని.

వేద రాజ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తన స్కార్ఫ్ ముక్కుకి అదిమింది. ఏడుస్తూనే చెప్పింది.

"నాన్నా, ఈ కంట్రీలో బ్లాక్ పీపుల్‌ని ఇలాగే చేసేవాళ్ళు. రోప్ కట్టి, చెట్టుకి ఉరేసి, కాల్చేవాళ్ళు. నిజం మనుషుల్ని, నాన్నా. అందరూ చూడ్డానికి వచ్చేవాళ్ళు, ఫుడ్ తెచ్చుకుని, పిల్లల్ని తెచ్చుకుని. ఫొటోస్ తీసుకునేవాళ్ళు."

రాజ్ లేచి కూర్చుని చుట్టూ చూశాడు. గ్రిల్లులు, బీర్ డబ్బాలు, తండ్రుల భుజాల మీద పిల్లలు, పైకెత్తిన ఫోన్లు. రక్తం గడ్డం మీదుగా కారుతున్నా తుడుచుకోలేదు. తరవాత పక్కకి వంగి వాంతి చేసుకున్నాడు.

పోలీసులు ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. నలుగురైదుగురు కలిసి ఒక్కణ్ణి తంతున్నారు. పోలీసులు పట్టుకున్నది తన్నులు తింటున్నవాణ్ణి. వాల్టర్‌ని బోర్లా పడేసి, కాలిన చెయ్యి వెనక్కి విరిచారు. ఆయన పెట్టిన కేక మనిషి కేకలా లేదు. ఆగస్టు ఎండకి తారు నేల పెనంలా ఉంది. దాని మీద చెంప ఆనించి, వీపు మీద ఒకడు మోకాలు పెట్టాడు. రెండోవాడు రాజ్ దగ్గరికొచ్చి మర్యాదగా అడిగాడు.

"సార్, మిమ్మల్ని కొట్టింది ఇతనేనా?"

అవునంటే అబద్ధం కాదు. వచ్చే నెల రాజ్‌కి సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఉంది, కేసు పడితే అది గోవిందా. నోరు మూసుకున్నా సరిపోతుంది. నేను రాజ్ మొహంలోకి చూశాను. ఈ మనిషి ఇప్పుడు తప్పుకుంటే నేను ఇతనితో ఇంటికి వెళ్ళను అని ఆ క్షణంలోనే అనుకున్నాను.

రాజ్ లైటర్ తీసి చూపించాడు. "బొమ్మ కట్టింది నేను. నిప్పు పెట్టింది నేను. ఆయన ఆర్పాడు. లేవండి ఆయన మీంచి."

"మీరు వెనక్కి జరగండి సార్."

"ఆయనకి ఊపిరాడడం లేదు! లేవమంటున్నా!"

మోకాలు కదల్లేదు. వాల్టర్ వేళ్ళు తారు మీద గీరుతున్నాయి. ముప్పై ఏళ్ళుగా ట్రాఫిక్ పోలీసుని చూసినా చేతులు కట్టుకునే మా ఆయన, తల వంచి పొట్టేలులా ఆ పోలీసు మీదికి దూకాడు. ఇద్దరూ దొర్లారు. లాఠీ రాజ్ భుజం మీద పడింది, తరవాత వీపు మీద, మళ్ళీ భుజం మీద. వేదని రెండు చేతులా పట్టుకుని ఆపాను, లేకపోతే అదీ దూకేదే. ఇంకా పోలీసులొచ్చారు. రాజ్‌కి బేడీలేసి, వాల్టర్ పక్కనే బోర్లా పడుకోబెట్టారు. వాల్టర్ వీపు మీద మోకాలు మాత్రం లేచింది. ఆయన దగ్గుతూ గాలి పీల్చుకున్నాడు.

ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా, జానెడు దూరంలో ఉన్నాయి.

"వాల్టర్," అన్నాడు రాజ్. ముక్కు మూసుకుపోయి మాట ముద్దగా వచ్చింది. "నాకు తెలీదు. మా అమ్మాయి మీద ఒట్టు, నాకు తెలీదు."

"నాకు తెలుసు, నీకు తెలీదని," అన్నాడు వాల్టర్.

రాజ్ కళ్ళు మూసుకున్నాడు. బతికాననుకున్నాడు పాపం.

"మా హాల్లో టీవీ పైన ఒక ఫొటో ఉంది," అన్నాడు వాల్టర్. ఒక్కో మాటకీ ఊపిరి కూడగట్టుకుంటున్నాడు. "టోపీ పెట్టుకున్న కుర్రాడు. మా అమ్మకి పెద్దన్నయ్య. దక్షిణాన జార్జియాలో తెల్లవాళ్ళు ఇలాగే వేలాడదీశారు. పదకొండేళ్ళుగా ఆ గోడకి ఎదురుగా కూర్చుని ఆట చూశావు. ప్రతి బంతి గురించీ అడిగావు. ఆ అబ్బాయి ఎవరని ఒక్కసారి అడగలేదు."

రాజ్ ఏదో అనబోయాడు. వాల్టర్ వినలేదు. తారుకి అంటుకున్న చెంపని మెల్లగా ఊడదీసుకుని, తల అటు తిప్పి, బాగున్న రెండో చెంపని ఆ కాలే నేలకి ఆనించాడు.