విప్పిన బండి

మోర్తాడ్‌లో సంజన బండి చప్పుడు తెలియనివాళ్లు లేరు. నిజామాబాద్‌లో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం దొరికాక కొన్న క్రూయిజర్ మోటార్‌సైకిల్ అది. ఉద్యోగం కొత్తదని ఫైనాన్సువాళ్లు ఒప్పుకోకపోతే, కాగితాలు అన్న రాజశేఖర్ పేరు మీద చేయించారు. కిస్తులు మాత్రం సంజనే కట్టింది.

షోరూం నుంచి వచ్చిన రూపం దానికి ఎన్నాళ్లో మిగల్లేదు. వెడల్పాటి హ్యాండిల్ వచ్చింది. కాళ్లు చాపుకునేలా ఫుట్‌రెస్టులు ముందుకు జరిగాయి. గుండ్రటి హెడ్‌లైటు, పొట్టి సైలెన్సరు వచ్చాయి. తేనెరంగు సీటును బోధన్‌లో ఆత్మారాం అనే ఆయన దగ్గర పక్కనే కూర్చుని కుట్టించుకుంది. ఒక్కొక్కటీ తెప్పించుకుని, సెలవు రోజుల్లో పసుపు కొట్టం నీడన తనే బిగించుకుంది. పానా జారి చీరుకుపోయిన మచ్చలు వేళ్ల మీద ఇంకా ఉన్నాయి. తీసేసిన పాత సామాను గోనెసంచుల్లో కట్టి కొట్టంలో ఓ మూల పెట్టింది.

కోటగిరిలో ఎరువుల ఏజెన్సీ నడిపే సతీష్‌బాబు ఓసారి ఇంటికొచ్చాడు. మోర్తాడ్‌లో తనకో దుకాణం ఇప్పించమని రాజశేఖర్ ఆయన చుట్టూ తిరుగుతున్నాడు. సతీష్‌బాబు కళ్లు బండి మీద పడ్డాయి.

"భలే చేయించారే. ఎవరిదండీ?"

"నాదే సార్. ప్రతి పార్టు నేనే ఏరి, నా చేత్తోనే బిగించిన."

లోపల చాయ్ వడకడుతున్న సంజన ఆ మాట విన్నది. నలుగురి ముందు గొప్పలు చెప్పుకోవడం అన్నకు అలవాటే కదా అని అప్పటికి ఊరుకుంది.

శనివారం అన్నాల దగ్గర అసలు సంగతి బయటపడింది. "రేపు సతీష్‌బాబు వస్తడు. ఆయనకు బండి నచ్చింది, అమ్ముతున్న" అన్నాడు రాజశేఖర్.

"నా బండి నన్నడగకుండ ఎట్లిస్తవన్నా?"

"కాగితాలు ఎవరి పేరున ఉన్నయి? రేపు లగ్గమైతే అత్తగారింట్ల గీ బండి నడ్పనిస్తరా నిన్ను?"

తల్లి హన్మవ్వ కూతురి కంచంలో ఇంకో గరిటె అన్నం వేస్తూ, "అన్న మన మంచికే చెప్తుండు బిడ్డా" అంది.

బండి పోతున్నందుకన్నా, తన చేతుల కష్టాన్ని అన్న సొంతం చేసుకున్నందుకు సంజనకు మండిపోయింది. కాగితాల్లో ఉన్న బండే వాడికి ఇద్దామనుకుంది.

తెల్లారి అన్న ఆర్మూర్‌కు మటన్ తేవడానికి పోగానే కొట్టం ముందు గోనెపట్టా పరిచింది. సీటు దింపింది. సైలెన్సరు ఊడదీసింది. ప్రేమగా బిగించిన ప్రతి నట్టునూ పళ్లు బిగబట్టి విప్పింది. మధ్యాహ్నానికల్లా పాత సామాను మళ్లీ బండికి ఎక్కింది. బోసిగా, ఊళ్లో ఏ ఇంటి ముందైనా కనబడేటువంటి బండి అయిపోయింది అది. ఆమెకే దాన్ని చూడబుద్ధి కాలేదు. విప్పిన తన సామాను సంచుల్లో కట్టి కొట్టంలో పెట్టింది.

రాజశేఖర్‌ను దారిలో ఎక్కించుకొచ్చిన సతీష్‌బాబు కారు దిగి, బండిని చూసి ఆగిపోయాడు. "ఇదేంటండీ రాజశేఖర్ గారూ? నేను చూసిన బండి ఇది కాదు కదా."

రాజశేఖర్ మొహం పాలిపోయింది. "ఇదేందే సంజనా?"

"నీ బండే అన్నా. నీ పేరున ఉన్నదేదో గదే."

కొట్టంలోంచి సంచులు ఈడ్చుకొచ్చి సామానంతా వాకిట్లో గుమ్మరించింది. "సార్, అన్న ప్రతిదీ తన చేత్తోనే బిగించిండట గద. కూసోండ్రి. మీ ముంగటనే బిగిస్తడు."

"అలాగైతే మంచిదే" అని సతీష్‌బాబు కుర్చీ లాక్కున్నాడు.

గోడల మీది నుంచి ఇరుగుపొరుగు తొంగిచూస్తున్నారు. రాజశేఖర్ పానా చేతిలోకి తీసుకున్నాడు. ఏ నట్టుకు పెట్టాలో తెలియక ఒకదాని తర్వాత ఒకటి మార్చాడు. ఫుట్‌రెస్టు రాడ్డును తిరగేసి పట్టుకుని హ్యాండిల్ దగ్గర పెట్టి చూశాడు. ఎవరో కిసుక్కుమన్నారు. చెమట కళ్లలోకి కారుతుంటే చెల్లెలి వైపు తిరిగాడు.

"సంజనా... జర చెప్పరాదే."

ఆ గొంతు వినడానికే రాత్రంతా మేలుకుని ఉన్నట్టనిపించింది ఆమెకు. "నువ్వు చేసిందే గదన్నా. యాదికి తెచ్చుకో" అంది.

సతీష్‌బాబుకు అర్థమైంది. లేచి సంజనతో, "మీరే బిగించి ఇస్తే తీసుకుంటానమ్మా" అన్నాడు.

"ఇది అమ్మేది కాదు సార్."

ఆయన మటన్ వండేదాకా ఆగకుండానే వెళ్లిపోయాడు. దుకాణం మాట మళ్లీ ఎత్తలేదు.

"తోడబుట్టినోని ఇజ్జత్ తీస్తివి గదనే" అని హన్మవ్వ నెత్తి కొట్టుకుంది.

"నాది తీసినప్పుడు నువ్వు అన్నం వెట్టుకుంట కూసున్నవు గదవ్వా" అంది సంజన.

ఆ తర్వాత అన్నాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. సంజన బస్సులోనే ల్యాబుకు పోయింది. బండిని మాత్రం అలాగే బోసిగా వాకిట్లో, రాజశేఖర్ పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా కనబడేలా నిలబెట్టింది. వచ్చిపోయేవాళ్లంతా దాన్ని చూసి, ఎప్పుడు బిగిస్తవని రాజశేఖర్‌ను అడిగేవారు. చివరికి వాడే తట్టుకోలేక, "నీ పేరు మీదికి చేస్త పా" అన్నాడు. అప్పుడు గానీ ఆమె పాత సామాను విప్పి, తన సామాను ఎక్కించలేదు.

నిజామాబాద్ రవాణా ఆఫీసులో సంతకాలయ్యాక ఇద్దరూ బయటికొచ్చారు. సంజన బండి స్టార్టు చేసింది. రాజశేఖర్ వెనక ఎక్కబోయాడు.

"బస్సులున్నయి గదన్నా" అంది, వెనక్కి తిరక్కుండానే.

వాడు కాలు దించాడు. ఆఫీసు ముందు రోడ్డెక్కాక అద్దంలో ఒకసారి వెనక్కి చూసింది. రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి చిన్నగా అయిపోతున్నాడు. జాలి కలుగుతుందేమోనని కాసేపు చూసింది. కలగలేదు. గేరు మార్చింది.