బొబ్బట్టు నవ్విన ఫొటో

నేను ఒక మూడు కాళ్ల ఫోను స్టాండును. కాళ్లు సాగదీస్తే మనిషి భుజం దాకా లేస్తాను, ముడిస్తే చేతిసంచిలో ఇమిడిపోతాను. ఏదో ఊరి ఫ్యాక్టరీలో నాలాంటివి వేలకొద్దీ ఒకే రోజు పుట్టాయి. నన్ను మొదట కొన్నది గాజువాకలో వంటల వీడియోలు తీసే ఒకావిడ. ఆరు నెలలు ఆ వంటింట్లో పోపు ఘాటు పీల్చాను. చూసేవాళ్లు పదిమందికి మించకపోవడంతో ఆవిడ నన్ను పక్కింటి పైడిరాజుకు ఇచ్చేసింది. వంట మాత్రం మానలేదు. ఎవరూ చూడకపోయినా ఇంట్లో తినాలి కదా.

పైడిరాజుకు ముప్ఫై నాలుగేళ్లు. పోర్టు దగ్గర ఒక సరుకుల ఆఫీసులో గుమాస్తా. నాలుగు సంబంధాలు చూసినా కుదరక, పెళ్లి మాట పక్కన పెట్టి, మనుషుల్ని ఫోనులోనే కలిపే యాప్ ఒకటి పెట్టుకున్నాడు. అందులో అతని ముఖం చూసి పలకరించినవాళ్లు లేరు. పెంపుడు జంతువుతో దిగిన ఫొటో ఉంటే మంచివాడని నమ్ముతారని ఎక్కడో చదివాడు. అతను ఆ వ్యాసం పైకి చదువుకుంటుంటే నేనూ విన్నాను. ఉదయపు వెలుగులో తీయాలి, కుక్క కళ్ల ఎత్తుకు వంగాలి, అది అలసిపోతే వెంటనే ఆపేయాలి. మొదటి రెండూ రెండేసి సార్లు చదివాడు.

ఆ ఇంట్లో కుక్క ఉంది. పేరు బొబ్బట్టు. అణిగిన ముక్కు, ముడతల ముఖం, గుండ్రటి పొట్ట ఉన్న పగ్ జాతి కుక్క. అది అతనిది కాదు, అక్క నీలవేణిది. ఆవిడ ఆర్టీసీ బస్సులో కండక్టరు. తమ్ముడితో ఒకే ఇంట్లో ఉంటుంది. దానికి స్నానం చేయించేదీ, అన్నం కలిపేదీ, వీధిలో తిప్పేదీ ఆవిడే. పైడిరాజు సోఫా మీంచి దాన్ని దింపడానికి తప్ప ముట్టుకోగా నేను చూడలేదు.

మే నెలలో ఒక ఆదివారం అక్క డ్యూటీకి వెళ్లాక, నన్నూ బొబ్బట్టునూ ఆటోలో వేసుకుని భీమిలి వైపు బీచికి బయలుదేరాడు. పొద్దున్నే వెళ్లాలనే అనుకున్నాడు. సెలూన్లో వరస, చొక్కాకి ఇస్త్రీ, వీటితో ఇసుకలో నా కాళ్లు దిగేసరికి పదకొండయింది.

ముందు దాన్ని ఎత్తుకుని తీశాడు. తన పొట్ట కనిపించింది. పక్కన పరుగెత్తించాడు. అది వెనకబడిపోయింది. బిస్కెట్టు చూపించి వెనకకాళ్ల మీద నిలబెట్టాడు. ఒకసారి నిలబడింది, ఇంకోసారి నిలబడింది, తర్వాత కూలబడిపోయింది. "ఒక్కటేరా, ఒక్కటి!" అంటూ మళ్లీ లేపాడు. నలభై ఫొటోల తర్వాత ఒకటి కుదిరింది. అందులో బొబ్బట్టు నోరు చెవులదాకా తెరుచుకుని, నాలుక బయటపెట్టి, పకపకా నవ్వుతున్నట్టుంది.

పైడిరాజు నా తలమీంచి ఫోను తీసుకుని కొబ్బరిబొండాల బండి నీడలోకి పరుగెత్తాడు. కింద రాయడానికి మాటలు వెతుక్కుంటూ పావుగంట కూర్చున్నాడు. చివరికి "నా బొబ్బట్టే నా ప్రాణం" అని రాసి పెట్టేశాడు. ఆ పావుగంటా అతని ప్రాణం నా కాళ్ల మధ్య, వేలెడంత నీడలో పడి రొప్పుతోంది. నాకు నోరు లేదు. ఉన్నా అతను వినేవాడని చెప్పలేను.

తిరిగి వచ్చి పిలిస్తే అది లేవలేదు. నాలుక నీలం తిరిగింది. అప్పుడు పరుగెత్తాడు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ దాన్ని తడిగుడ్డల మీద పడుకోబెట్టి ఫ్యాను పెట్టింది. సెలైన్ స్టాండ్లు ఖాళీ లేవు. పైడిరాజు చంకలో ఉన్న నన్ను చూసి లాక్కుని, కాళ్లు తెరిచి, ఫోను పట్టే చోట సీసా తగిలించింది.

"వయసెంత?"

"తొమ్మిదో... పదో ఉంటాదండి."

"బరువు?"

"తెల్దండి."

"పొద్దున ఏం తింది? నీళ్లు తాగిందా?"

"మా అక్కకి తెలుస్తాదండి."

డాక్టరమ్మ చీటీలో ఆ గళ్లు ఖాళీగా వదిలేసింది. అతని జేబులో ఫోను టింగుమంది. ఒకసారి కాదు, వరసగా. అన్నాళ్లూ ఎదురుచూసిన పలకరింపులు అవి.

డాక్టరమ్మ ఫోను చేయించడంతో అరగంటకు నీలవేణి ఖాకీ చొక్కాతోనే పరుగున వచ్చింది. "ఏటయిందిరా దీనికి? పొద్దున బాగానే ఉంది గదా!"

"ఏటో అక్కా... ఇంటికాడే పడిపోనాది," అన్నాడు.

డాక్టరమ్మ అతని చెప్పులకి అంటిన ఇసుక వైపు చూసి, తల తిప్పుకుంది.

నీలవేణి కుక్క పక్కన కూలబడింది. "నాదేరా తప్పు. డ్యూటీకి టైమైపోతాదని గిన్నెలో నీళ్లు పోసినానో లేదో గుర్తు లేదు. దాహంతో పడిపోయుంటాది. నా సేతులారా సేసుకున్నాను," అని ఏడవసాగింది.

పైడిరాజు నన్ను పట్టుకున్నాడు. పైన సీసా ఊగింది. జేబులోంచి ఫోను తీసి అక్క ముందు పెట్టాడు.

"నువ్వు నీళ్లు పోసినావక్కా. నేను సూసినాను. బీచికి నేనే అట్టుకెళ్లాను. దీనికోసం."

ఆవిడ ఫొటో చూసింది. కింద రాసింది చదివింది. "నీ బొబ్బట్టా?" అంది. మళ్లీ ఫొటో వైపు చూసి, "తొమ్మిదేళ్లుగా దీని ముకం సూస్తన్నాను. ఇది నవ్వు కాదురా. ఊపిరాడక నోరు తెరిసింది," అంది. అంతే. తిట్టలేదు. తిడితే అతను తల ఎత్తగలిగేవాడేమో.

సాయంత్రం దాకా నా పక్కనే నేలమీద కూర్చున్నాడు. వచ్చిన పలకరింపుల్లో హైమ అనే అమ్మాయిది ఒకటి. "మీ కుక్క నవ్వు చూసి చాలా రోజులకి నేనూ నవ్వాను" అని రాసింది. అతను జవాబు కొట్టాడు, చెరిపాడు, మళ్లీ కొట్టాడు. కుక్క తనది కాదనీ, అది నవ్వలేదనీ, ఇప్పుడు సెలైన్ ఎక్కుతోందనీ ఉన్నదున్నట్టు రాసి పంపాడు. ఆ అమ్మాయి చదివింది. తిరిగి ఏమీ రాయలేదు. అతను ఫొటో తీసేశాడు.

మూడోనాటికి బొబ్బట్టు లేచి నిలబడింది. ఇంటికి వెళ్లేటప్పుడు డాక్టరమ్మ "మీ స్టాండు తీసుకెళ్లండి" అంది. "ఇక్కడే ఉండనీండి మేడమ్," అన్నాడు నా వైపు చూడకుండా.

అప్పటినుంచి ఇక్కడే ఉన్నాను. నా తలమీద సీసాలే తప్ప ముఖాలు లేవు. నాకు అదే నయం.

నెల తర్వాత టీకా కోసం బొబ్బట్టును పైడిరాజే నడిపించుకుని తెచ్చాడు. బరువు ఎనిమిది కిలోల రెండు వందలని అడక్కుండానే చెప్పాడు. బొబ్బట్టు లోపలికి రెండడుగులు వేసి, మూలనున్న నన్ను చూసి ఆగిపోయింది. తోక దింపుకుని వెనక్కి వెనక్కి జరిగి అతని కాళ్ల వెనక దాక్కుంది. అదేమిటని డాక్టరమ్మ అడిగింది. పైడిరాజు ముఖం ఎర్రబడింది. నేలమీద బాసింపట్టు వేసుకుని, నేను దానికి కనపడకుండా, నా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.