వాగువైపు తిరిగే స్టీరింగ్

గ్రీజు వాసన. కిరోసిన్ వాసన. ఎండకు కాగిన రేకుల కింద ఇనుము వాసన.

మెకానిక్ వెంకట్రాజం స్టీరింగ్‌ను కుడికి తిప్పాడు. ముందు చక్రాలు కదల్లేదు.

ఎడమకు తిప్పాడు. కదల్లేదు.

ఇంకాస్త తిప్పాక, నిద్రలో ఉన్నవాళ్లను ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు, బద్ధకంగా కదిలాయి.

"చానా ఆట ఉందక్కా, లూజైంది," అన్నాడు. "చెయ్యి ఒక దిక్కు, బండి ఒక దిక్కు."

యాకమ్మ తల ఊపింది. ఆమెకు ఆ ఆట భయం లేదు. ఆమె భయం వేరే.

వరంగల్‌లో, ములుగు రోడ్డు పక్కన ఆ షెడ్డు. బండి మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత జీపు పికప్. ముందు చక్రాలు కూడా లాగే బండి. తొర్రూరు వైపు పల్లెల్లో, వానాకాలం నల్లరేగడిలో మిగతా బండ్లన్నీ దిగబడిపోతే, ఇదొక్కటే పత్తి నింపిన బోరాలు మోసుకుని బురదలో ఈదుకుంటూ వచ్చేది. నడిపింది యాకమ్మ భర్త రాయమల్లు.

రాయమల్లు లేడు.

చనిపోయాడని కాదు. లేడు.

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది వానాకాలంలో, వాగు పొంగిన రోజున, నీళ్లు పైనుంచి పారే కాజ్‌వే నడుమ బండి ఒక్కటే దొరికింది. ఇంజను ఆగి ఉంది. తలుపు తెరిచి ఉంది. ముందు చక్రాలు నీళ్లు పారే దిక్కుకు పూర్తిగా తిరిగి ఉన్నాయి... మనిషి లేడు.

ఆ రోజే ఊళ్లో చిలుకమ్మ కూడా కనిపించకుండా పోయింది. పత్తి ఏరే కూలి. మొగుడు పోయి, తల్లి రాజక్క దగ్గర ఉంటున్న మనిషి.

ఊరికి ఇంకేం కావాలి?

ఇద్దరు కలిసి భీవండి పోయిండ్రన్నారు. బట్టల మిల్లుల కాడ చూసినమన్నారు. బండిని వాగులో విడిచింది ఉత్త నాటకమన్నారు.

యాకమ్మ చేతులకు గాజులు అట్లాగే ఉన్నాయి. తీయమనేవాళ్లు లేరు. ఉంచుకొమ్మనేవాళ్లూ లేరు.

ఒకే వాడలో ఉన్నా రాజక్క ఆమె మొహం చూడలేదు. ఆమె రాజక్క మొహం చూడలేదు.

బండి మిగిలింది. ఇంటికి బండే తిండి పెట్టాలి. డ్రైవర్లు వచ్చారు. వాగు దాటారు. మళ్లీ పనికి రాలేదు. చివరికి రాయమల్లు దోస్తు కట్టయ్య తాళం చెవి పట్టుకున్నాడు. తొలి కిరాయికే మొహం పాలిపోయి తిరిగొచ్చాడు.

"వదినె, వాగు కాడికి రాంగనె స్టీరింగ్ గుంజుతాంది. మెకానిక్‌కు చూపియ్యాలె."

అందుకే ఈ షెడ్డు.

వెంకట్రాజం బండి కింద పడుకుని, పైకి చూస్తూ చెప్పాడు. "రాడ్ల చివర్లు, బుష్షులు మారిస్తే ఆట తగ్గుతది. స్టీరింగ్ డబ్బానే మారిస్తే చేతికి అల్కగ తిరుగుతది. అడ్డంగ ఒక షాకప్ అసొంటిది బిగిస్తే రోడ్డు గుద్దులు చేతిదాంక రావు. ఏది చెయ్యమంటవక్కా?"

ఏది?

ఆ బండి కిందే రాయమల్లు మధ్యాహ్నాలు పడుకునేవాడు. నీడ కోసం. పాదాలు మాత్రం బయటికి కనిపించేవి.

"మొదలు ఆట తీసెయ్యి," అంది. "స్టీరింగ్ చక్రం మాత్రం ముట్టకు."

చక్రానికి రాయమల్లు చుట్టిన ఎర్ర ప్లాస్టిక్ టేపు ఉంది. రెండు చేతులూ ఉండేచోట అది అరిగి నల్లబడింది.

బుష్షులు మార్చారు. ఆట పోయింది. మంచి రోడ్డు మీద బండి గీసిన గీతలా నడిచింది.

వాగు దగ్గర — ఎడమకు లాగింది.

డబ్బా మార్చారు. స్టీరింగ్ నీళ్లలో చెయ్యి తిప్పినంత తేలిక అయింది.

వాగు దగ్గర — ఎడమకు.

అడ్డంగా షాకప్ బిగించారు. గుంతలో పడ్డా చేతికి తెలియడం లేదు. కట్టయ్యకు అప్పుడు అసలు భయం పట్టుకుంది. ఇన్నాళ్లూ ఆ లాగుడు గతుకుల్లో, గడగడల్లో కలిసిపోయి ఉండేది. ఇప్పుడు గతుకుల్లేవు. గడగడ లేదు. బాగుచేసిన కొద్దీ అది తేటపడింది.

ఒక చెయ్యి. అవతలి నుంచి పట్టుకున్న చెయ్యి.

యాకమ్మ అంతా విన్నది. ఇంట్లోకి వెళ్లింది. చాలాసేపటికి బయటికి వచ్చి, "ఆ చక్రం గూడ తీసెయ్యమను," అంది.

ఎర్ర టేపు చక్రం ఊడింది. దానికన్నా పెద్దది, నల్లది, ఎవరి చేతులూ ఎరగనిది వచ్చింది.

ఈసారి వెంకట్రాజం తనే నడుపుకుంటూ వాగు దాకా వెళ్లాడు. తిరిగొచ్చి బండిని షెడ్డులోకి తేలేదు. దూరంగా, రోడ్డు అవతల ఆపాడు. చేతులు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు.

"బండిల ఖరాబు ఏం లేదక్కా. పాడైన సామానైతే ఎప్పుడు గుంజినా ఒక్క దిక్కే గుంజుతది. ఇది పోంగ ఎడమకు, రాంగ కుడికి గుంజుతాంది. ఎటుపోయినా నీళ్లు పారే దిక్కే." తాళం చెవి ఆమె చేతిలో పెట్టాడు. "ఇగ నాతోని కాదు. అమ్మెయ్యి."

యాకమ్మ అమ్మలేదు.

వైశాఖం. వాగు ఎండింది. ఇసుక తెల్లగా మెరుస్తోంది. మధ్యాహ్నం, కాజ్‌వే మీద, కట్టయ్య పక్క సీట్లో కూర్చుని ఆమె మెల్లగా అంది —

"చెయ్యి ఇడిసిపెట్టు."

"వదినె!"

"గుంజనీ. ఏడికి పోతదో పోనీ."

కట్టయ్య ముందు చక్రాల లివరు వేశాడు. చిన్న గేరు వేశాడు. కళ్లు మూసుకుని చేతులు ఎత్తాడు.

స్టీరింగ్ తిరిగింది. తొందర లేదు. తడబాటు లేదు. బండి గట్టు వాలు దిగింది. ఇసుకలోకి దిగింది. బండరాయి వస్తే పక్కకు తప్పుకుంది. మిగిలిన నీటిగుంట వస్తే చుట్టూ తిరిగింది. దారి తెలిసినవాళ్లు నడిచినట్టు నడిచింది.

ఇసుక... ఇసుక... ఎక్కడా పిట్ట అరవలేదు.

వాగు మలుపు తిరిగేచోట, వేళ్లతో సహా పడిపోయిన తుమ్మచెట్టు ముందు, ఇంజను ఆగింది.

ఇద్దరూ దిగారు. వేళ్ల కింద చేతులతో తవ్వారు. పైన వేడి ఇసుక. లోపల చల్లటి ఇసుక. ఆ లోపల నైలాన్ తాడు.

అది పత్తి బోరాలు కట్టే తాడు. ఆ ముడి రాయమల్లు ముడి. యాకమ్మ ఎన్నో సాయంత్రాలు ఆ ముడి విప్పింది. ఇప్పుడు ముట్టుకోగానే వేళ్లు గుర్తుపట్టాయి.

తాడు ఒక నడుముకు చుట్టి ఉంది. ఎముకలే మిగిలిన నడుము. కాలికి వెండి కడియం.

మగమనిషి కాదు.

కట్టయ్య ఊళ్లోకి పరుగెత్తాడు. జనం వచ్చారు. పోలీసులు వచ్చి రాసుకున్నారు. భీవండిలో చూశామన్నవాళ్లు వెనక నిలబడ్డారు.

చిలుకమ్మ తల్లి రాజక్క కడియం అందుకుంది. రాగి తీగతో తను అతుకు వేయించిన చోటును బొటనవేలితో తడిమింది. ఏడవలేదు. ముందు తాడు చూసింది. ఊళ్లో పత్తి బోరాలు ఎత్తినవాళ్లందరూ ఎరిగిన ఆ ముడి చూసింది. ఏటికి అడ్డంగా, మెడలోతు నీళ్లలో, బండి ఆపి దూకిన ఒక మనిషిని మనసులో చూసింది.

అప్పుడు తల ఎత్తి యాకమ్మ మొహం చూసింది.

"నా బిడ్డను పట్టుకున్నడే యాకమ్మా... కొట్టుకపోతాంటె తాడు కట్టి పట్టుకున్నడే..."

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. ఏడాది ఏడుపు.

చిలుకమ్మను తీసుకుని జనం గట్టు ఎక్కారు. యాకమ్మ వెళ్లలేదు. కట్టయ్య ఆమెతో ఉండిపోయాడు. తాడు రెండో కొస కోసం ఇసుకలో వెతికింది. కొంత దూరం పోయాక చేతికి వచ్చింది. పోగులు పోగులుగా తెగి ఉంది. ముడి లేదు. మనిషి లేడు.

ఏడాదంతా ఆమె దేవుణ్ని అడుగుతూనే ఉంది. ఒక రోజు — వాగులో పోయి ఉండనీ. ఇంకో రోజు — భీవండిలోనైనా సరే, బతికి ఉండనీ. ఏ రోజు ఏది అడిగిందో ఆమెకే గుర్తులేదు. ఇప్పుడు ఏది అడగాలి?

పొద్దు వాలింది, ఇంకా మునగలేదు. బండి తుమ్మచెట్టు ముందు ఖాళీగా నిలబడి ఉంది. తాళం చెవి కట్టయ్య జేబులో ఉంది.

ఇసుక రాలిన చప్పుడు.

కొత్త నల్లటి చక్రం తిరుగుతోంది. తనంత తానే. ముందు టైర్లు ఇసుకను పక్కకు తోస్తూ మెల్లగా మళ్లుతున్నాయి. ఇంటివైపు కాదు. వాగు వెంట ఇంకా కిందికి.

కట్టయ్య జేబులోని తాళం చెవిని తడుముకున్నాడు. అప్పుడు అన్నాడు — "పోదమా, వదినె?"

యాకమ్మ బండి ఎక్కింది. తన సీట్లో కాదు. ఎన్నడూ కూర్చోని చోట, స్టీరింగ్ ముందు కూర్చుంది. రెండు చేతులూ చక్రం మీద వేసింది. గాజులు మణికట్టుకు జారాయి.

లాగుతోంది. ఓపిగ్గా లాగుతోంది.

"జర ఆగు," అంది. కట్టయ్యతోనో, ఎవరితోనో.

ఆమె తిప్పలేదు. వదలనూ లేదు.